రెండో పిడి

మూడు లాంతర్ల వెనక సందులో
పాత సామాన్ల కొట్టు, పారినాయుడిది.
మిక్సర్లు, మైకు కర్రలు, చర్మం పగిలిన డోలు,
ఎవరిదో హార్మోనియం, పళ్లు రాలినది.
మధ్యలో మూడు స్పీకరు పెట్టెలు నిలబెట్టి
"ఏటి కావాలో సూసుకో, బేరం తర్వాత" అన్నాడు.

మొదటిది నాలుగు పదంగుళాల నోళ్లది.
మూలమూలకీ ఇనప తొడుగు, నల్లతివాచీ ఒళ్లు,
అటో పిడి, ఇటో పిడి.
నలభై ఆరు కిలోలు.
కింది తీగ మీటితే
గల్లాపెట్టెలో చిల్లర కదిలింది,
పారినాయుడి టీ గ్లాసు
బల్ల అంచుదాకా నడిచొచ్చి ఆగింది.
నా మోకాళ్లకి ముందు తెలిసింది, చెవులకి తర్వాత.

రెండోది పదిహేనంగుళాల ఒంటి నోరు.
లోతుంది, అంచు లేదు.
నిద్రలో మాటాడినట్టు, ఏ స్వరమో పోల్చుకోలేం.
కల్యాణమండపం రేకుల కింద
ఉత్త ఉరుమైపోతుంది,
వాన రాని ఉరుము.

మూడోది చిన్నది, పన్నెండంగుళాలు.
అయస్కాంతం కొత్త రకమట, తేలిక.
నెత్తిన ఒకటే పిడి, సూట్‌కేసుకున్నట్టు.
దాని మీద ఆంప్లిఫయరు, చేతిసంచిలో పట్టేంత.
"ఐదొందల వాట్లు" అన్నాడు.
అట్ట మీద వాట్లు వేరు,
గజపతినగరం దాటాక జనరేటరు మీద వాట్లు వేరు.
రెండో పంక్తి వడ్డించే వేళకి
దీపాలు ఎర్రబడి, గొంతు కుంగిపోయిన ఆంపుల్ని చూశాను.

బొబ్బిలిలో హాలు రెండో అంతస్తులో ఉంటుంది,
లిఫ్టు పెళ్లివారికే.
మా ఆటో వెనక సందు
పెద్దపెట్టె కన్నా రెండు వేళ్లు తక్కువ.
కీబోర్డు ఉమాపతి ఎడమచెయ్యి
నా పని సగం చేసేస్తుందని
ఆర్కెస్ట్రా ఓనరు అప్పుడప్పుడూ వేళ్లు మడుస్తాడు.
పెళ్లిలో ఎవరూ బేస్ వినరు.
ఆపితే మాత్రం
"ఏటో తగ్గిందిరా" అని
వంటవాడు గరిటతో సహా తొంగిచూస్తాడు.

అయినా చెయ్యి మొదటి పెట్టె మీదకే పోయింది.
ఇలాంటిదే ఉండేది మాకు.
ఒక పిడి నాది, ఒక పిడి తవిటయ్యది.
డ్రమ్ములు వాడివి.
"వన్, టూ, త్రీ, ఎత్తు" అనేవాడు,
పాట ఎత్తుకునేప్పుడు ఎలా లెక్కపెడతాడో అలాగే.
చీకటి మెట్ల మీద ఒకడి అడుగు
ఇంకొకడి అరచేతికి తెలిసేది.
స్టేజీ ఎక్కాక
నేను వాడి కుడికాలు చూసి వాయించేవాణ్ణి,
వాడు నా ఎడమచెయ్యి చూసి.

తర్వాత ప్యాడ్ వచ్చింది.
మీట నొక్కితే డ్రమ్ములు, చెమట లేకుండా.
తవిటయ్య పారాదీప్ పోర్టుకి ఎల్లిపోనాడు.
"క్రేను కింద జెండా ఊపుతున్నాన్రా" అని
ఒకసారి ఫోన్ చేశాడు,
"లెక్క మాత్రం తప్పట్లేదు."

చిన్నదానికి ఎన్ని ఓములని అడిగాను.
"ఎనిమిది. తోడు ఇంకో ఎనిమిది తగిలించుకోవచ్చు.
ఆంపు ఎనకాల కన్నం ఉంది, సూడు."
రెండు ఎనిమిదులు పక్కపక్కన కలిపితే
పదహారవదట, నాలుగవుతుందట.
అడ్డు సగానికి పడిపోతుందట.
ఐటీఐలో మాస్టారు చెప్పినప్పుడు నమ్మలేదు.
మెట్ల మీద ఎప్పుడో నమ్మాను,
ఆ లెక్కే ఇదని తెలీలేదంతే.

ముప్పై ఒకటి అని ఇరవై ఏడుకి దిగాడు.
ఇరవై ఇచ్చాను,
మిగతాది మాఘమాసం ముహూర్తాలయ్యాక.

ఒంటిచేత్తో ఎత్తాను.
అంత తేలిగ్గా లేచేసరికి
భుజం అటుపక్కకి ఒరిగింది,
లేని బరువు కోసం.

ఆటోలో ఒళ్లో పెట్టుకున్నాను ఆంపుని.
వెనక ఖాళీ కన్నంలో దుమ్ము పోకుండా
జేబురుమాలు అంచు చింపి కుక్కాను,
గట్టిగా కాదు,
లాగితే వచ్చేటట్టు.